కోపంతో నడిచే బండి

సాయంత్రం ఆరున్నరకు పరుశురాం తల్లిని తిట్టడం మొదలుపెడతాడు.

అంతకుముందు కొన్ని పనులుంటాయి. సామాను మోసే తన మూడు చక్రాల కరెంటు బండిని సూరత్‌లోని కోసాడ్ ఆవాస్ కాలనీలో తన బిల్డింగు మెట్ల పక్కన ఆపాలి. భార్య వినోద పైనుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేయాలి. తల్లి బాలవ్వ చేతిలో ఉన్న చీర పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మూడంతస్తులు దిగి వచ్చి కూర్చోవాలి. చార్జరు తీగ చివర రెండు రాగిరేకులు కట్టి ఉంటాయి. వినోద వాటిని అత్త అరచేతుల్లో పెట్టి గుడ్డతో ముడివేస్తుంది. అప్పుడు పరుశురాం గొంతు సవరించుకుంటాడు.

"పొద్దుగాల ఏం కూర పెట్టినవే? కుక్క గూడ ముట్టది."

"ముట్టనోడివి డబ్బా కడిగినట్టు నాకి తెచ్చినవేందిరా?"

బండి మీటరులో ఒక గీత లేస్తుంది.

"గంతేనా?" అని రెండో అంతస్తు నుంచి లలితమ్మ తొంగిచూస్తుంది. "మొన్న ఆమె చెల్లెను తిడితే రెండు గీతలు లేసినయ్ గదా. గది అందుకో. అట్లనే జర నా ఫోనుకు గూడ పెట్టుండ్రి." తాడు కట్టిన సంచిలో ఫోను కిందికి దిగుతుంది.

బాలవ్వకు కోపమొస్తే అరచేతుల్లో కరెంటు పుడుతుంది. నల్లా ఎప్పుడొస్తుందో తెలిసినట్టే, ఈ సంగతీ కాలనీలో అందరికీ తెలుసు.

పన్నెండేళ్ళ కింద జోల్వాలో ఒక ఖాతా తగలబడింది. మరమగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. రాత్రి పాళీ వాళ్ళు మధ్యలో బయటికి పోకుండా సేఠ్ షట్టరుకు బయట తాళం వేయించేవాడు. ఆ రాత్రి లోపల ఐదుగురున్నారు. బాలవ్వ భర్త బిక్షపతి వాళ్ళలో ఒకడు. తాళంచెవి ఉన్న మనిషి దొరికేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా బాలవ్వ కాలుతున్న షట్టరును రెండు చేతులా కొట్టింది. లోపలినుంచి కొట్టే చప్పుడు ముందు ఆగింది. ఆమె ఆగలేదు. అరచేతుల తోలు షట్టరుకే అంటుకుని ఉండిపోయింది.

ఆసుపత్రిలో కట్లు విప్పిన రోజు సేఠ్ గుమాస్తా కాగితం తెచ్చాడు. బీడీ నిప్పు వల్ల మంటలు లేచాయని అందులో రాసి ఉంది. వేలిముద్ర కోసం ఆమె చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు మూడు మంచాల అవతల పడ్డాడు. అయినా కాగితం కాగితంగానే నిలిచింది. ప్రభుత్వం దాన్ని ప్రమాదం అంది. పేదవాణ్ణి చంపినప్పుడు ఈ దేశంలో వాడే మర్యాదైన మాట అదే.

పరుశురాం కూడా ఆరేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డాడు. ఆ మోతకు ఎడమ చెవి అక్కడే పోయింది. తరువాత పాత గ్యాస్ టెంపో ఒకటి నడిపాడు. పోయినేడు దాన్ని అమ్మి ఈ కరెంటు బండి కొన్నాడు. షోరూము గోడ మీద పచ్చని ఆకు బొమ్మ, దాని కింద స్వచ్ఛమైన గాలి, ఉజ్వల భవిష్యత్తు అని గుజరాతీలో పెద్ద అక్షరాలు ఉన్నాయి. గ్యాస్ కోసం గంటసేపు క్యూ ఉండదన్నారు. ఆయిలు మార్చక్కర్లేదన్నారు. ఒక్క చార్జింగుకు నూట ఇరవై కిలోమీటర్లన్నారు.

ఆరువందల కిలోల గుడ్డ ఎత్తితే అది డెబ్బై రెండైంది. కోసాడ్ నుంచి జోల్వా పోయి, మాలు ఎత్తుకుని రింగ్ రోడ్డు మార్కెట్లో దించి, ఇల్లు చేరేసరికి డెబ్బై. రోజూ చార్జింగు పెట్టి తీరాలి. ఎక్కడ పెట్టాలి? మెట్ల మీటరు నుంచి తీగ లాగితే సొసైటీ సెక్రటరీ ఆ తీగ కోసి, నలుగురి ముందూ చెంప మీద కొట్టాడు. వేరే మీటరు అడిగితే, నీ పేరు మీద పార్కింగు జాగా లేదన్నారు. వంతెన దగ్గరి చార్జింగు స్టేషనులో కార్ల వెనక మూడు గంటలు నిలబడాలి. ఉజ్వల భవిష్యత్తుకు ముందు సొంత పార్కింగు కావాలి. గోడ మీద ఆ ముక్క రాయలేదు.

"గింత లెక్క చూస్కోకుండ ఎందుకు కొన్నవ్?" అని వినోద అడిగింది.

"ఖాతాకు పోవద్దని కొన్న. ఈ బండి ఆగిన్నాడు నేను మళ్ళ మగ్గం కాడ నిలబడాలె. నాయిన లెక్క పీనుగునై ఎల్లుడే ఇగ."

తన కొడుకును సెక్రటరీ కొట్టాడని విని బాలవ్వ ఆ సాయంత్రం తిట్టుకుంటూ మెట్లు దిగింది. వచ్చి బండి మీద చేయి వేసింది. మీటరులో ఏడు గీతలు లేచాయి. అట్లా మొదలైంది.

కాని నిజమైన కోపం రోజూ ఆరున్నరకు రాదు. తయారు చేయాలి. మొదట్లో కూర సరిపోయింది. కొన్నాళ్ళకు కూరకు ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చెల్లెలు, పుట్టిల్లు, వినోదకు పిల్లలు లేకపోవడం, అన్నీ ఒక్కొక్కటిగా అరిగిపోయాయి. అప్పుడు పరుశురాంకు సేఠ్ గుర్తొచ్చాడు.

"అవ్వా, సేఠ్ కొత్త కారు కొన్నడు. తెల్లది. మన గదంత ఉన్నది."

పది గీతలూ ఒక్కసారే లేచాయి. బాలవ్వ తలవెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కుర్చీ కాళ్ళు నేల మీద టకటక కొట్టుకున్నాయి. కాలిన తోలు వాసన మూడో అంతస్తు దాకా పోయింది. వినోద ఆమెను వీపు మీద మోసుకుని పైకి తీసుకుపోయింది. ఆ రాత్రి ముసలామె అన్నం ముట్టలేదు.

తరువాత రోజూ సేఠే. సేఠ్ కొడుకు పెళ్ళి. సేఠ్ గుడికి ఇచ్చిన వెండి తలుపులు. సేఠ్ ఖాతా మీద లేపుతున్న రెండో అంతస్తు.

"నీకు గా ముచ్చట్లన్ని ఎట్ల తెలుస్తున్నయ్?" అని వినోద ఒకసారి అడిగింది.

"మార్కెట్ల అంటుంటరు" అన్నాడు పరుశురాం.

మార్కెట్లో ఎవరూ అనలేదు. నాలుగు నెలలుగా అతను మోస్తున్నది ఆ సేఠ్ గుడ్డే. మిగతా ఖాతాల మాలు టెంపోల వాళ్ళ చేతిలో ఉంది. కిరాయి తగ్గించి మోస్తానంటే, ఆ ఖాతాలో పని చేయించే మాస్టరు సంపత్ ఒక్కడే ఒప్పుకున్నాడు. తండ్రిని కాల్చినవాడి గుడ్డను తల్లి కోపం మీద మోసి బజారుకు చేర్చడం! పెట్టుబడికి ఇంతకన్నా చవకైన ఇంధనం భూమ్మీద దొరకదు. పైగా పొగ రాదు.

టెంపోల వాళ్ళు ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం జోల్వా నాకా కూడలిలో ఆరుగురు బండికి అడ్డం నిలబడ్డారు. ఇనుపరాడ్లతో ముందు అద్దం పగలగొట్టారు. తరువాత పరుశురాంను కిందికి లాగి కుడి భుజం ఎముక విరిచారు. వాళ్ళూ తెలుగువాళ్ళే, వాళ్ళ తండ్రులూ మగ్గాల కాడ పోయినవాళ్ళే. సేఠ్‌లు పైనుంచి చూస్తూ చాయ్ తాగారు. ఒకే పళ్ళెం కోసం కొట్టుకునే ఆకలి ఉన్నంతకాలం వాళ్ళు కిందికి దిగనక్కర్లేదు.

భుజానికి కట్టుతోనే పరుశురాం బండి నడిపాడు. నెలన్నరకు కట్టు విప్పాక కూడా ఆ మాలు మానలేదు. దాంతో ఒక ఆదివారం టెంపోల పెద్ద దశరథం స్వయంగా కోసాడ్ వచ్చాడు. అప్పుడు ఆరున్నర. బాలవ్వ కుర్చీలో ఉంది. చేతులకు రేకులు కట్టి ఉన్నాయి.

"అవ్వా, నీ కొడుక్కు జర బుద్ధి చెప్పు" అన్నాడు దశరథం. "మా కడుపు మీద కొడుతుండు. పోనీ ఏదన్న మంచి మాలా అంటే గదీ కాదు. నీ పెనిమిటిని కాల్చిన ఖాతా గుడ్డ మోస్తుండు. నాలుగు నెలల సంది."

లలితమ్మ చటుక్కున ఫోను సంచి పైకి లాగేసుకుంది. వినోద రెండడుగులు వెనక్కి వేసింది. అందరూ మీటరు వైపు చూశారు.

బాలవ్వ కొడుకు ముఖం చూసింది. "అవునారా?" అంది.

పరుశురాం కళ్ళు మీటరు మీదే ఉన్నాయి.

ఒక్క గీత లేవలేదు. గొడవకు సిద్ధమై వచ్చిన దశరథం ఆ ముసలామె ముఖం చూసి, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. వినోద రేకులు విప్పుతుంటే అత్త అరచేతులు బావినీళ్ళలా చల్లగా తగిలాయి.

మర్నాడూ ఆ చేతులు చల్లగానే ఉన్నాయి. ఆ మర్నాడు సాయంత్రం సంపత్ ఫోను చేశాడు.

"తమ్మీ, రెండు దినాలాయె, మాల్ పడి ఉన్నది. రేపు ఏడింటికి బండి గేటు కాడ లేకుంటే ఇగ రాకు. కావాలంటే లోపల పన్నెండు మగ్గాలు ఖాళీగున్నయ్. పాళీకి రా."

పరుశురాం తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి తనే రేకులు కట్టాడు. కూరను తిట్టాడు. చెల్లెలిని తిట్టాడు. సేఠ్ తెల్లకారు గురించి చెప్పాడు, వెండి తలుపుల గురించి చెప్పాడు. పెద్ద గొంతుతో చెప్పాడు. బాలవ్వ నేల చూస్తూ కూర్చుంది.

"నాయిన పిరికోడు" అన్నాడు చివరికి. "షట్టరు కాడికి ఉరకలేక మూలకు కూసోని సచ్చిండు."

బిల్డింగులో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"గట్లనే అనుకో బిడ్డా" అంది బాలవ్వ.

పరుశురాం కొట్టాడు. కుడిచేత్తో, చెంప మీద. కొట్టి, మీటరు చూశాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మీటరు చూశాడు. ముసలామె పెదవి చిట్లి రక్తం చీర మీద పడింది. మూడోసారి చేయి లేచినప్పుడు వినోద ఆ మణికట్టు పట్టుకుంది.

స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మరు పేలినట్టు చప్పుడైంది. పరుశురాం ఎగిరి మురికికాలువ గోడకు తగిలి కింద పడ్డాడు. అతని మణికట్టు చుట్టూ ఐదు వేళ్ళ గుర్తులు నల్లగా మాడి ఉన్నాయి.

వినోద తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"నీకు గూడ వచ్చిందా పిల్లా?" అని లలితమ్మ పైనుంచి అడిగింది, తెల్లవెంట్రుక గురించి అడిగినట్టు.

"వచ్చినట్టున్నదక్కా."

వినోద అత్త చేతుల రేకులు విప్పి, కొంగుతో ఆమె పెదవి తుడిచింది. రేకులు తన చేతుల్లో పెట్టుకుని నిలబడింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పొయ్యి మీద చాయ్ మరిగేలోపల పది గీతలూ నిండాయి.

"తాళమియ్యి" అంది భర్తతో.

"ఏం చేస్తవ్?"

"నా పుస్తెల తాడు అమ్మి కట్టిన పైసలు గూడ ఉన్నయ్ బండిల. తాళమియ్యి."

"నీకేం నడుపొస్తదే?"

"క్లచ్చి లేదు, గేరు లేదు, చిన్నపోరడు గూడ నడుపుతడని నువ్వే గదా ఏడాది సంది తల తిన్నవ్."

పరుశురాం ఎడమచేత్తో తాళం ఇచ్చాడు. కుడిచేయి ముడుచుకోవడం లేదు.

మర్నాడు ఏడింటికి బండి సేఠ్ గేటు దగ్గరికి పోలేదు. కోసాడ్‌లో నాలుగు బిల్డింగుల ఆడవాళ్ళు చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంట్లోనే చేస్తారు. ఆ మూటలు మార్కెట్టు నుంచి తేవడానికి, తిరిగి ఇవ్వడానికి ఏజెంటు వాళ్ళ కూలిలో సగం కోసుకునేవాడు. ఆ మూటలు వినోద ఎత్తుకుంది. మొదటిరోజు ఏజెంటు ఆమె జుట్టు పట్టుకోబోయి చేయి కాల్చుకున్నాడు. నాలుగోరోజు అమ్రోలి దగ్గర దశరథం రాడ్డు పట్టుకుని బండికి అడ్డం వచ్చాడు. రాడ్డు బండి అంచుకు తగిలింది. తగిలిన రాడ్డు రోడ్డవతల పడింది. దశరథం తన అరచేయి చూసుకున్నాడు, వినోద పక్కన కూర్చున్న బాలవ్వను చూశాడు. "పో చెల్లె" అని పక్కకు తప్పుకున్నాడు.

బండి రోజుకు నూట అరవై కిలోమీటర్లు పోతోంది. ఇంటికొచ్చాక చార్జింగు పెట్టే పని లేదు, హ్యాండిలు పట్టుకున్న చేతుల నుంచే ఎక్కుతోంది. వినోదను రెచ్చగొట్టే మనిషి అక్కర్లేదు. కళ్ళు తెరిచి సూరత్ రోడ్ల మీద నడిపితే చాలు. రంగుల మిల్లు ముందు చెప్పుదెబ్బలు తింటున్న కూలివాడు. మూత తీసిన గట్టర్లోకి నడుముకు తాడు కట్టుకుని దిగుతున్న మనిషి. ఫ్లైఓవరు కింద బుల్డోజరు కూల్చిపోయిన గుడిసె, ఆ ఇటుకల మధ్య పొయ్యి వెలిగించుకుంటున్న బాలింత. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో గీత. ఈ నగరంలో ఇంధనానికి కొరత ఎన్నడూ లేదు. దాన్ని ఎవరి బండిలో పోయాలన్నదే ఎప్పుడూ ఉన్న ప్రశ్న.

పరుశురాం పాళీకి పోతున్నాడు. వేరే ఎక్కడా ఖాళీ లేదు, అదే ఖాతా. ఇంట్లో పళ్ళెంలో అన్నం ఉంటుంది, మాట ఉండదు. కుడిచేతికి స్పర్శ రాలేదు. తెగిన పోగులు ఎడమచేత్తో ముడివేస్తుంటే సంపత్ మాస్టరు అమ్మనాబూతులు తిడతాడు.

మూడు వారాల తరువాత ఒకరోజు పొద్దున షేర్ ఆటో దొరకక అతను కోసాడ్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఏడు కావస్తోంది. చప్పుడు లేకుండా బండి వచ్చి పక్కన ఆగింది.

"రింగ్ రోడ్డు దాక పోతున్న" అంది వినోద. "ఎక్కుతె వెనక ఎక్కు. ఇరవై."

అక్కడినుంచి జోల్వాకు ఆటోలుంటాయి. అతను ఇరవై రూపాయలిచ్చి, చీరల మూటల మధ్య ఎక్కాడు. కూర్చోవడానికి జాగా లేదు. ముందు సీట్లో బాలవ్వ తల తిప్పలేదు. బండి కదిలేసరికి పడిపోబోయి, కుడిచేత్తో ఇనుపకమ్మీ పట్టుకున్నాడు.

ముందు చీమలు కుట్టినట్టనిపించింది. తరువాత మంట. మూడు వారాలుగా చచ్చిపడి ఉన్న చేతిలో వేళ్ళు ఒక్కొక్కటీ తెలిశాయి. మంట మణికట్టు దాటి, మోచేయి దాటి, విరిగి అతుక్కున్న భుజందాకా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేయి ఖాళీగానే ఉంది.

రింగ్ రోడ్డు వచ్చేదాకా పరుశురాం చేయి మార్చుకోలేదు.