తాళం ఉన్న వీధి

ఎండలు ముదిరితే ఊరి ట్యాంకు నీళ్ళు అన్ని వీధులకూ చాలవు. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని ఏటా తలలు పగిలేవి. వాల్వు తిప్పేవాడు తన వీధికే ఎక్కువ వదులుకుంటాడని అందరికీ అనుమానం. ఒకసారి మీటింగులో ఒకాయన లేచి, "వాల్వు తిప్పే తాళం ఎవరింట్లో ఉంటే ఆ వీధికి ఆఖర్న నీళ్ళు. ఇక ఎలా కాజేస్తాడో చూద్దాం!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లలోనే తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. అప్పట్నుంచి ఆయన వాల్వాయన అయిపోయాడు.

రూలు మంచిదే. కొట్లాటలు ఆగాయి. కానీ ఈ వేసవిలో ట్యాంకు అడుగంటి, ఆఖరి వీధి కొళాయిల్లో గాలి తప్ప ఏమీ రావడం లేదు. మంచం పట్టి, మతి తప్పిన తల్లికి ఒళ్ళు తుడుద్దామన్నా వాల్వాయన ఇంట్లో చెంబెడు నీళ్ళు లేవు. ఇరుగుపొరుగు ఆయన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు.

తాళం తీసుకోండి మహాప్రభో అని మీటింగులో మొత్తుకున్నాడు. "నీ అంత నిజాయితీపరుడు మాకెక్కడ దొరుకుతాడయ్యా!" అని ఆకాశానికెత్తారు. చెయ్యి చాపినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పొగడడానికి నీళ్ళక్కర్లేదు కదా!

చివరికి భార్య అత్తగారిని ఆటో ఎక్కించింది. "వానలు పడేదాకా ట్యాంకు పక్క వీధిలో మా తమ్ముడింట్లో ఉందాం. మీరూ ఎక్కండి."

ఆటో ఆగేసరికి తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల గుమ్మాల్లోంచి వీధి వీధంతా చూస్తోంది.

"అక్కా, నిన్ను రావద్దంటానా? కానీ మీరుంటే ఇదే తాళం ఇల్లంటారు. మా వీధి ఆఖరైపోతుంది. పక్కింట్లో పసిబిడ్డ ఉంది."

"తాళం అక్కడే పెట్టి వస్తాను" అన్నాడు వాల్వాయన.

"నమ్మేదెవరు బావా? రూలు నువ్వు పెట్టిందేగా."

ఆటో దిగబోయిన వాల్వాయన మళ్ళీ కూర్చున్నాడు. వాడి స్థానంలో తనున్నా అదే అనేవాడు. తమ్ముడు లోపలికెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చి ఆటోలో పెట్టాడు. అక్క వాడి మొహం చూడలేదు. ఓ గ్లాసు ముంచి అత్తగారి నోటికి అందించింది.

ముసలావిడ గుటగుటా తాగి మూతి తుడుచుకుంది. "ఈ వీధికి నీళ్ళొదిలేవాడెవడో గానీ, వాడి తల్లి కడుపు చల్లగుండాలిరా" అంది.

వాల్వాయన బిందె జారకుండా కాళ్ళ మధ్య పట్టుకుని, ఆటో వెనక్కి తిప్పమన్నాడు.