నిండా గాలి

జీపు జానెడు వెనక్కి జారింది.

ముందు నడుస్తూ దారి చూపిస్తున్న కూతురు రెండు పిడికిళ్ళూ పైకెత్తి "ఆగు నాన్నా!" అని అరిచింది. ఆమె అరవకముందే తండ్రి బ్రేకు తొక్కేశాడు. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. అయినా నున్నటి రాతి పలక మీద బండి ఇంకో బెత్తెడు జారి, ఎడమ వెనక చక్రం లోయ అంచుకు మూరెడు దూరంలో ఆగింది. ఇంజిన్ కూడా ఆగిపోయింది. చక్రం కింద నుంచి ఊడిన గులకరాళ్ళు లోయలోకి దొర్లాయి. అవి అడుగుకు చేరిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు.

ఇలాంటి దారులు దేశంలో అరవై ఉన్నాయి. సొంత బండిలో చివరిదాకా పోయి వస్తే, ఆ దారి పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. తండ్రీకూతుళ్ళు మూడేళ్ళలో ఇరవై మూడు బిళ్ళలు సంపాదించారు. తండ్రి ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే రూటులో బస్సు నడిపిన మనిషి. ఏనాడూ ఆలస్యం కాలేదని డిపోలో ఆయన్ని "నిమిషం" అని పిలిచేవారు. "ఆ రోడ్డు మీద గుంటలకి కూడా నేనెవరో తెలుసమ్మా, మిగతా దేశానికే తెలీదు" అని రిటైరైన రోజున ఆయన నవ్వుతూ అన్న మాట కూతురికి గుచ్చుకుంది. ఇంజనీరింగ్ ఆఫీసులో నక్షలు గీసే ఆ పిల్ల, నెల తిరక్కుండా పాత జీపొకటి కొనేసింది.

ఇప్పుడు ఆ జీపులోనే ఆయన ఇరుక్కుపోయాడు. కుడి పక్క జానెడు దూరంలోనే కొండ గట్టు, తలుపు తెరుచుకోదు. ఎడమ తలుపు తీసి కాలు పెడితే కింద లోయ.

కూతురు దొరికిన బండరాళ్ళు తెచ్చి వెనక చక్రాల కింద దోపింది. కుడి చక్రం కింద రాయి నిలిచింది. ఎడమ చక్రం కింద పెట్టింది పెట్టినట్టే జారిపోయింది. చేత్తో టైరు నొక్కి చూసింది. రాయిని నొక్కినట్టుంది. జేబులోంచి గాలి కొలిచే గేజి తీసి పెట్టింది.

ముప్పై ఆరు.

రాతి దారి ఎక్కాలంటే టైర్లలో గాలి సగానికి తియ్యాలి. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. పొద్దున బస చేసిన చోట నాలుగు టైర్లూ పద్దెనిమిదికి దించింది తానే.

"నాన్నా, గాలి ఎవరు నింపారు?"

లోపల ఆయన గట్టు వైపు తల తిప్పుకున్నాడు.

"నిన్నే!"

"పెట్రోలు బంకులో... నువ్వు బ్రెడ్డు కొనడానికి పోయినప్పుడు. టైర్లు చప్పిడి ముఖం వేసుకుని ఉన్నాయి తల్లీ. చూస్తూ ఎలా ఊరుకోను? మెత్తటి టైరుతో గేటు దాటితే మా డిపోలో మెమో ఇచ్చేవాళ్ళు."

"మెమో ఇవ్వడానికి ఇక్కడెవరున్నారు నాన్నా!"

"అరవకు. కాలు వణుకుతోంది."

ఆమె లేచి ముందుకొచ్చింది. కిటికీలోంచి చూస్తే బ్రేకు మీదున్న ఆయన మోకాలు కుట్టు మిషను సూదిలా ఆడుతోంది. అరిగిపోయిన మోకాలది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంది గానీ దాన్నొక్కదాన్నే నమ్మడానికి లేదు.

"ఎంతసేపు పట్టి ఉంచగలవు?"

"నువ్వు పని కానియ్. లెక్కలడక్కు."

మొదట ముందు వైపు టైర్ల వాల్వులు నొక్కింది. బుస్సుమని గాలి పోతుంటే గేజి పెట్టి చూడటం, మళ్ళీ నొక్కడం. ఒక్కో టైరూ ఒక్కో యుగంలా గడిచింది. కుడి వెనకది కూడా అయింది. మిగిలింది లోయ అంచున ఉన్నది. దాని వాల్వు అందాలంటే బండికి దిగువన బోర్లా పడుకోవాలి.

"అటు పోకు," అన్నాడు తండ్రి. "జారితే నీ మీదికే వస్తుంది."

"జారుతున్నది ఆ చక్రమే."

"చెప్పిన మాట వినవేం? మొండిఘటం!"

"ఎవరి పోలికో!"

ఆమె పలక మీద పాకుతూ వెళ్ళి చెయ్యి చాచింది. గాలి తగ్గేకొద్దీ బండి వేలెడు వేలెడుగా లోయ వైపు ఒరిగింది. లోపల నీళ్ళ సీసా సీటు మీంచి దొర్లి తలుపుకు కొట్టుకుంది. ఆమె వాల్వు మీంచి వేలు తియ్యలేదు. ముప్పై. ఇరవై నాలుగు. పైన తండ్రి మూలుగు వినిపించింది. ఇరవై. పద్దెనిమిది. టైరు పొట్ట పరుచుకుని రాతికి అతుక్కుంది. ఈసారి పెట్టిన రాయి నిలిచింది.

"కాలు మార్చుకో నాన్నా! నెమ్మదిగా!"

ఆయన ఎడమ కాలు బ్రేకు మీదికి తెచ్చి కుడి కాలు తీశాడు. బండి కదల్లేదు.

కూతురు పైకొచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది. ఆమె వెనక పదడుగుల ఎత్తులో గుర్తురాయి కనిపిస్తోంది. దారి అక్కడితో అయిపోతుంది.

"ఇప్పుడు పట్టు దొరికింది. పదడుగులే కదే, ఎక్కించేస్తా," అన్నాడు తండ్రి.

"ఆ కాలితోనా? వద్దు. వెనక్కే."

"ఇంత దూరం వచ్చి..."

"వెనక్కి, నాన్నా."

ఆయన గుర్తురాయి వంక చూశాడు, కూతురి వంక చూశాడు. ఇంజిన్ స్టార్టు చేసి రివర్సు వేశాడు. ఆమె చక్రాల కింది రాళ్ళు తీసేసి మళ్ళీ ఎదురుగా వచ్చేసరికి, ఆయన కళ్ళు అలవాటు కొద్దీ అద్దంలోకి పోయాయి.

"అద్దం చూడకు. నా చేతులు చూడు. ఇంకేం చూడకు."

ముప్పై ఒక్క ఏళ్ళు అద్దాన్ని తప్ప ఎవర్నీ నమ్మని మనిషి, కళ్ళు తిప్పి ఆమె చేతుల మీద పెట్టాడు. ఆమె అరచెయ్యి కుడికి ఊపితే స్టీరింగు కుడికి, పిడికిలి బిగిస్తే బ్రేకు. ఇరవై గజాలు దిగడానికి అరగంట పట్టింది. మట్టి దారి తగలగానే కూతురు ఉన్న చోటే చతికిలబడింది.

కొండ కింద బిళ్ళలిచ్చే ఒంటిగది ఆఫీసులో గుమాస్తా అమ్మ డబ్బా ముందే తెరిచి పెట్టుకుంది. "పైన ఫోటో తీయకపోయినా పర్లేదు, మీ మాట చాలు," అంది.

"ఎక్కలేదమ్మా," అన్నాడు తండ్రి.

"అయ్యో, కారణం రాయాలే. దారి బాగాలేదని రాయమంటారా? అందరూ అదే రాస్తారు."

"దారికేం, బంగారంలా ఉంది. టైర్లలో గాలి నేను నింపాను. ఈ పిల్లకి చెప్పకుండా."

గుమాస్తా అమ్మ నవ్వు ఆపుకోబోయి, ఆయన ముఖం చూసి నిజంగానే ఆపుకుంది. కుర్చీ ఆయన వైపు తోసింది. ఆయన కూర్చోలేదు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, డ్యూటీ పుస్తకంలో రాసినట్టు అక్షరం అక్షరం విడదీసి రాశాడు: పూర్తి కాలేదు. తప్పు డ్రైవరుది.

కూతురు కలం అందుకుని ఆ కింద ఇంకో వరస రాసింది: దారి మొదట్లో మళ్ళీ గాలి చూడలేదు. తప్పు నాది.

"నిన్నెవరు రాయమన్నారే?" అన్నాడు తండ్రి.

"కూర్చో నాన్నా ముందు."

ఆయన కూర్చున్నాడు. మోకాలు ఇంకా అదురుతూనే ఉంది. దాని మీద చెయ్యి అదిమిపెట్టి అడిగాడు.

"నిన్ను తొక్కేసుంటే మీ అమ్మకి ఏం చెప్పేవాణ్ణే?"

 కూతురు పక్కనే నేల మీద కూర్చుని, ఆయన పిక్క పట్టి నెమ్మదిగా పిసకడం మొదలుపెట్టింది.