నిమ్మకాయలు తొక్కిన స్కేట్లు

మంచు మీద ఎర్రటి మరక కనిపించగానే రిఫరీ విజిల్ వేశాడు.

"బ్లడ్?" అంటూ దగ్గరికి వచ్చాడు. "ఎవరికి తగిలింది?"

ఎవరికీ తగల్లేదు. ఐస్ హాకీ ఫైనల్ ఇంకా మొదలే కాలేదు, వార్మప్ నడుస్తోంది. గోల్ ముందు నిలబడ్డ శ్రీలేఖ ఎడమవైపు దూసుకొచ్చిన రబ్బరు బిళ్ళని, పక్‌ని, ఆపబోయింది. ఎడమకి కదలాలంటే కుడికాలితో మంచుని తన్నాలి. తన్నింది. బ్లేడు మంచుని పట్టుకోలేదు. కాలు సబ్బు మీద వేసినట్టు జారిపోయి, మోకాళ్ళ మీద కూలబడింది. పక్ నింపాదిగా లోపలికి వెళ్ళింది. కుడి స్కేటు కింద జానెడు పొడుగున ఎర్రటి చార మిగిలింది.

ఆమె గ్లవ్ తీసి ఆ ఎరుపుని వేలితో అద్ది, వాసన చూసింది.

కుంకుమ. దాని వెనకే నిమ్మకాయ వాసన.

లాకర్ రూమ్‌లో స్కేట్లు తొడుక్కున్నప్పుడు కూడా ఈ వాసన వచ్చింది. అమ్మ బ్యాగ్‌లో ఏదో స్ప్రే కొట్టి ఉంటుందనుకుంది. నిన్న సాయంత్రమే పదును పెట్టించిన బ్లేడ్లు కదా అని కింద చూడలేదు. ఇప్పుడు చూసింది. అంచు రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంది. సందుల్లో పసుపు, ఒక నిమ్మగింజ.

"బ్లడ్ కాదు," అంది రిఫరీతో. "పౌడర్."

అమ్మానాన్నలు పొద్దున చేయించిన వ్యాన్ పూజ ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగేళ్ళుగా శ్రీలేఖ ఆల్డర్‌ఫోర్డ్ కాలేజీ అమ్మాయిల ఐస్ హాకీ టీమ్‌కి రెండో గోలీ, అంటే రెండో గోల్‌కీపర్. మొదటి గోలీ మేగన్ గోడలాంటిది. గోడ పడిపోతే తప్ప రెండో గోలీకి ఆట లేదు. ఆట లేనప్పుడు రెండో గోలీ బెంచీ చివర కూర్చుని, ఆటగాళ్ళు లోపలికీ బయటికీ వెళ్ళేటప్పుడు గేటు తీయాలి, వేయాలి. అంతే పని. ఆమె తల్లిదండ్రులు రామమోహన్, విజయశ్రీ తమ ఊరు ప్లెయిన్స్‌బరో నుంచి గంటల తరబడి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి చూసినవన్నీ ఆ గేటు తీయడాలే. మొన్న దీపావళి పార్టీలో నరసింహ అంకుల్ అందరి ముందూ అడిగాడు: "ఏమయ్యా రామమోహన్, అంత ఫీజు కట్టించుకుని మీ అమ్మాయికి గేట్‌మాన్ జాబ్ ఇచ్చారటగా?" అందరూ నవ్వారు. రామమోహన్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక అన్నం తినలేదు.

ఈ సంవత్సరం టీమ్ దాదాపు ఓడలేదు. 2012 మార్చిలో లీగ్ సెమీఫైనల్ కూడా గెలిచింది. కానీ ఆ గెలుపు చివర్లో మేగన్ తొడ కండరం తెగింది. బస్సులో కోచ్ డోనా వీలన్ శ్రీలేఖ పక్క సీట్లో కూర్చుని ఒకటే మాట అంది: "రేపు నువ్వు."

ఇది ఆఖరి సంవత్సరం. ఇదే ఆఖరి మ్యాచ్. మొదటి మ్యాచ్ కూడా ఇదే.

ఫైనల్ జరిగే రింక్ ప్లెయిన్స్‌బరోకి దగ్గరే. రాత్రికి ఇంట్లో పడుకోవడానికి కోచ్ ఒప్పుకుంది. శ్రీలేఖ హాకీ బ్యాగ్‌ని నాన్న కొత్తగా కొన్న వ్యాన్ వెనక పెట్టేసి నిద్రపోయింది. పొద్దున ఆమె లేచేలోపే వాళ్ళు ఆ వ్యాన్‌తో గుడికి వెళ్ళి, పూజ చేయించుకుని వచ్చేశారు. బ్యాగ్ దాంట్లోనే ఉంది.

ఇప్పుడు కోచ్ ఆ బ్లేడు మీద బొటనవేలు పోనిచ్చింది. ముఖం మారిపోయింది.

"ఎవరు చేశారిది? అవతలి టీమ్ వాళ్ళా? నీ బ్యాగ్ దగ్గరికి ఎవరు వచ్చారు? ఇప్పుడే అఫీషియల్స్‌ని పిలుస్తాను. మ్యాచ్ ఆపిస్తాను!"

"వద్దు కోచ్."

"ఎందుకు వద్దు? ఇది క్రైమ్!"

"మా నాన్న."

కోచ్ బ్లేడు మీంచి చెయ్యి తీసింది. "మీ నాన్నకి నువ్వు ఆడటం ఇష్టం లేదా?"

"చాలా ఇష్టం. అందుకే చేశాడు. అది... బ్లెస్సింగ్. కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. గుడి పార్కింగ్ లాట్‌లో."

"నిమ్మకాయలు," అంది కోచ్.

"నిమ్మకాయలు."

"తారు మీద."

"అవును."

కోచ్ కళ్ళు మూసుకుని తెరిచింది. సామాన్లు చూసే టాడ్‌ని పిలిచి స్కేట్లు చూపించింది. అంచంతా అరగదీసి కొత్తగా తీయాలనీ, మొదటి పీరియడ్, అంటే ఆటలో మూడో వంతు, పూర్తయ్యేదాకా పడుతుందనీ అతను తేల్చేశాడు. మేగన్ స్కేట్లు ఈమెకి రెండు సైజులు పెద్దవి.

కోచ్ శ్రీలేఖ ముందు వంగి గొంతు తగ్గించింది. "నా వైపు చూడు. వీటితోనే ఎడమకి వెళ్ళగలవా? నువ్వు వెళ్ళగలనంటే నిన్నే దింపుతాను."

వెళ్ళగలను అంటే చాలు. ఒక్క మాట. పై వరసలో అమ్మానాన్నా కూర్చుని ఉన్నారు. నాన్న చేతిలో వీడియో కెమెరా అప్పుడే ఆన్‌లో ఉంది.

మంచు మీద తన టీమ్ అమ్మాయిలు వలయంలా తిరుగుతున్నారు. శీతాకాలమంతా తెల్లారకముందే లేచి పరుగెత్తిన వాళ్ళు.

"లేదు," అంది శ్రీలేఖ. "వెళ్ళలేను."

కోచ్ భుజం తట్టింది. "ఫస్ట్ పీరియడ్ అవగానే నువ్వే. మాటిస్తున్నాను."

మూడో గోలీ పెయిజ్ ఫస్టియర్ పిల్ల. సంగతి వినగానే బాత్రూమ్‌లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. శ్రీలేఖ వెనకాలే వెళ్ళి నీళ్ళ బాటిల్ అందించింది.

"నా వల్ల కాదు శ్రీ! నేను చచ్చిపోతాను!"

"తర్వాత చద్దువుగాని. ముందు విను. వాళ్ళ పదిహేడో నంబరు ఒంటరిగా వస్తే ముందు కింద కొట్టబోయినట్టు నటిస్తుంది. నమ్మకు. ఎప్పుడూ పైకే కొడుతుంది, నీ గ్లవ్ వైపు. చెయ్యి దించకు."

"నీకెలా తెలుసు?"

"నాలుగేళ్ళు బెంచీ మీద కూర్చుని ఇంకేం చూశాననుకున్నావు?"

మ్యాచ్ మొదలైంది. శ్రీలేఖ పాత స్నీకర్లు వేసుకుని గేటు దగ్గర కూర్చుంది. గోడ అవతల టాడ్ మెషీన్ కీచుమని అరుస్తోంది. ఆ చప్పుడు ఆమె పళ్ళలో దిగింది.

మొదటి పీరియడ్‌లో పెయిజ్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పీరియడ్ ముగిసేసరికి స్కేట్లు వచ్చాయి. వాటి మీద వెంట్రుక ఆడిస్తే తెగేలా ఉంది. శ్రీలేఖ తొడుక్కుంది, లేసులు బిగించింది, హెల్మెట్ పెట్టుకుంది, కోచ్ ముందు నిలబడింది.

కోచ్ ఆమె కళ్ళలోకి చూడలేదు. "పెయిజ్ బాగా ఆడుతోంది," అంది. "కలిసొస్తున్న చేతిని మార్చను."

"మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను." కోచ్ గొంతు గరుకుగా ఉంది. "నన్ను తిట్టుకో. రేపు కూడా తిట్టుకో. కానీ కూర్చో."

శ్రీలేఖ కూర్చుంది. గేటు తీసింది. వేసింది. తీసింది. కొత్త అంచున్న బ్లేడ్లు బెంచీ కింది రబ్బరు చాపని కోస్తున్నాయి.

మూడో పీరియడ్ చివర్లో ఆల్డర్‌ఫోర్డ్ ఒక్క గోల్ తేడాతో ముందుంది. అప్పుడు అవతలి పదిహేడో నంబరు అందరినీ తప్పించుకుని ఒంటరిగా దూసుకొచ్చింది. కర్ర కిందకి వంచింది. పెయిజ్ కదల్లేదు. గ్లవ్ పైనే ఉంచింది. పక్ వచ్చి ఆ గ్లవ్‌లో పడింది.

రింక్ అదిరిపోయింది. ఆఖరి హారన్ మోగగానే బెంచీ మొత్తం అడ్డుగోడ దూకింది. శ్రీలేఖ మాత్రం అలవాటుగా గేటు తీసి మంచు మీదికి వెళ్ళింది.

ట్రోఫీ, మెడల్, ఫోటోలు. అన్నిట్లోనూ నవ్వింది. దవడలు నొప్పి పుట్టాయి.

లాబీలోకి వచ్చేసరికి నాన్న ఎర్రబడ్డ ముఖంతో కోచ్ కోసం ఎదురు చూస్తున్నాడు. అమ్మ ఆయన కోటు పట్టుకుని లాగుతోంది.

"వదులు విజయా! దిసీజ్ డిస్క్రిమినేషన్! నిన్న నువ్వే అని చెప్పి ఇవాళ ఆ చిన్న పిల్లని దింపుతారా? అథ్లెటిక్ డైరెక్టర్‌కి మెయిల్ పెడతాను. లాయర్‌తో మాట్లాడతాను!"

"ఏమండీ, జనం చూస్తున్నారు."

"చూడనీ! నాలుగేళ్ళు నోరు మూసుకున్నాం, చాలు. అదిగో వస్తోంది."

కోచ్ డోనా వీలన్ తలుపు తోసుకుని వచ్చింది. రామమోహన్ రెండడుగులు వేశాడు. శ్రీలేఖ ఆయన ముందుకి వచ్చి అడ్డంగా నిలబడింది. బ్యాగ్ కింద పడేసింది.

"కోచ్ కాదు నాన్నా. నువ్వు."

"ఏంటమ్మా?"

"పొద్దున నా స్కేట్స్‌కి ఏం చేశావు?"

రామమోహన్ ముఖంలో కోపం పోయి, పట్టుబడ్డ పిల్లాడి సిగ్గు లాంటిది వచ్చింది. "అదా... పంతులుగారు వ్యాన్‌కి నిమ్మకాయలు పెడుతుంటే బ్యాగ్ కనిపించింది. 'ఇవీ వాహనమే కదండీ' అన్నాను. 'చక్రాలు లేవు కదా' అన్నాడాయన. 'బ్లేడ్లున్నాయి' అన్నాను. నేనే చేతులకి తొడుక్కుని గట్టిగా తొక్కించాను. దిష్టి పోవాలని. నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు. చూశావా మరి, టీమ్ గెలిచింది..."

"తారు మీద తొక్కించావు. ఎడ్జ్ మొత్తం పోయింది. ఐ కుడ్‌న్ట్ మూవ్, నాన్నా. కోచ్ ఆడతావా అని అడిగింది. నేనే నో చెప్పాను."

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కోచ్ దూరంగా ఆగి, ఒకసారి ఈ వైపు చూసి, తల దించుకుని వెళ్ళిపోయింది.

రామమోహన్ మందుల కంపెనీలో సైంటిస్టు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు తేడా వస్తే బ్యాచ్ మొత్తం పారబోయించే మనిషి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, బ్యాగ్ జిప్ తీసి, స్కేటు పట్టుకుని, బ్లేడు మీద వేలు పెట్టాడు. వేలు తెగింది. అది టాడ్ తీసిన కొత్త అంచు. ఆయన రక్తం చుక్కని టిష్యూతో అద్దాడు.

"ఇంకోసారి నీ వస్తువు ముట్టుకోనమ్మా," అన్నాడు. "వచ్చే మ్యాచ్‌కి..."

"వచ్చే మ్యాచ్ లేదు, నాన్నా. ఐ యామ్ డన్."

ఆయనకి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదని ముఖమే చెప్పింది.

ముగ్గురూ పార్కింగ్ లాట్‌లోకి వచ్చారు. వ్యాన్ టైర్లకి నిమ్మతొక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. శ్రీలేఖ తలుపు తీసి కూర్చోబోయింది. కప్ హోల్డర్‌లో రెండు నిమ్మకాయలు, పూజలో మిగిలినవి.

ఒకటి తీసుకుంది. దిగింది. రింక్ వెనక ఇటుక గోడ వైపు, నాలుగేళ్ళ బలమంతా పెట్టి విసిరింది. అది గోడకి తగిలి చిట్లిపోయింది.

"అయ్యో, పులిహోరకి దాచానే అవి," అంది అమ్మ, అనాలని కాక, అలవాటుగా.

శ్రీలేఖ రొప్పుతూ నిలబడింది. తృప్తి కలగలేదు.

వెనక తలుపు చప్పుడైంది. టిష్యూ చుట్టిన వేలితో రామమోహన్ వచ్చి రెండో నిమ్మకాయని కూతురి చేతిలో పెట్టాడు. తర్వాత తనే వెళ్ళి ఆ ఇటుక గోడ పక్కన నిలబడ్డాడు.

"అక్కడ్నించి తప్పుకో నాన్నా."

"కొట్టు," అన్నాడాయన.

శ్రీలేఖ చెయ్యి వెనక్కి లాగింది. తర్వాత విసిరింది. గోడకి కాదు, ఆయనకీ కాదు, ఆయన తల మీదుగా రింక్ కప్పు మీదికి. అది ఎక్కడ పడిందో ఎవరికీ కనిపించలేదు.

"వ్యాన్ నేను నడుపుతాను," అంది, తాళాల కోసం చెయ్యి చాపుతూ.