కామెంటేటర్ గారి అమ్మ

నా అక్షరాలు వంకర. ఒత్తులు ఒక్కోసారి జారిపోతాయి. ఒక వాక్యం పూర్తయ్యేసరికి పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి... ఇది ముసలితనంలో పట్టిన పలక.

గోడ అవతల కొళాయి పారేది.

సన్నగా, ఆగకుండా — మంచు కరుగుతున్నట్టు.

చాలా రోజులు అవి ఒట్టి నీళ్ళే అనుకున్నాను.

గోడ అవతల ఒక తల్లీ కూతురూ ఉంటారు. తల్లి టైలరు. కూతురు మంచు మీద స్కేటింగ్ చేస్తుంది. కాళ్ళకి కత్తులున్న బూట్లు, ఒంటికి తల్లి కుట్టిన మెరుపుల గౌను. నన్ను అమ్మమ్మా అంటుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. టీవీలో పోటీలు వచ్చినప్పుడు తెర అడుగున పేర్లు పాకుతాయి. పక్కనే మార్కులు.

"వేలు పెట్టి చదువు అమ్మమ్మా, ఎక్కడికీ పారిపోవులే!"

పారిపోయేవి. మళ్ళీ వచ్చేవి. మళ్ళీ వేలు పెట్టేదాన్ని.

ఆ టీవీలో మాట్లాడేది నా కొడుకు.

కామెంటేటర్ గారి అమ్మ — ఈ మేడ మెట్ల మీద నా పేరు అదే. కింద కూరగాయలమ్మే అతను కూడా వేళాకోళమాడతాడు, "మీవాడు ఊపిరెప్పుడు పీలుస్తాడమ్మా?" అని. నవ్వేదాన్ని. మా ఆయన పోయాక నా ఇంట్లో మనిషంటూ ఉంటే ఆ గొంతొక్కటే.

కానీ వాడికి ఆట తెలియదు.

అక్షరాల్లాగే అది కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఎవరు ఏ గెంతు గెంతినా వాడిది ఒకటే మాట — అద్భుతం. పడిపోతే, అద్భుతంగా పడిందంటాడు. పాట వస్తుంటే పాట మీద మాట్లాడతాడు. మంచు మీద కత్తి గీసుకుపోతుంటే సర్రుమని ఒక చప్పుడొస్తుందట. పిల్ల చెప్పింది. టీవీలో నేనెన్నడూ వినలేదు.

వాడు విననిస్తే కదా.

పోటీ ముందురోజు ఫోన్ చేసేవాడు.

"అమ్మా, పక్కింటి పిల్లది ఏమైనా కబురుందా? మాట ఆగిందంటే నా సీటు ఖాళీ అవుతుందే!"

ఇచ్చేదాన్ని. గౌను తల్లే కుట్టిందని చెప్పాను. వాడు టీవీలో చెప్పాడు. టైలరమ్మ పొంగిపోయింది. వాళ్ళ పిల్లి దాని స్కేటింగ్ బూట్లలో దూరి పడుకుంటుందని చెప్పాను. అదీ చెప్పాడు. మెట్ల మీద అందరూ నవ్వుకున్నారు. నా మాట నా కొడుకు నోట్లోంచి వస్తుంటే... ఆ రుచి ఎలా చెప్పను!

ఒక సాయంత్రం టైలరమ్మ గుండీలు కుడుతూ, దారం పంటితో తెంపి, గొంతు తగ్గించింది.

"పిన్నీ, ఎవరితోనూ అనకు. పోయినసారి పడ్డప్పటినుంచీ దానికి ఆ గెంతంటే భయం. బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడుస్తోంది. నాకు వినపడకూడదని."

గోడ అవతల నీళ్ళు నీళ్ళు కావని అప్పుడు తెలిసింది.

ఎవరితోనూ అనలేదు.

కొడుకుతో అన్నాను. కొడుకు ఎవరో కాదు కదా...

దాని గురించి కాస్త మెత్తగా మాట్లాడతాడనే చెప్పాను. అందుకే చెప్పాననుకుంటున్నాను.

పోటీ మధ్యాహ్నం. టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి, నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది. కాళ్ళ దగ్గర మెరుపుల గుడ్డ ముక్కలు. తెర నిండా మంచు. మంచు మధ్య చిన్న చుక్కలా మా పిల్ల.

పాట మొదలైంది. నా కొడుకూ మొదలయ్యాడు.

"వస్తోంది... వస్తోంది ఆ గెంతు! ఈ గెంతంటే ఈ అమ్మాయికి ఎంత భయమంటే, ఇంట్లో కొళాయి తిప్పుకుని ఏడుస్తుందట అండీ! నీళ్ళ బిల్లు ఎంతొస్తుందో మరి!"

వాడి పక్కనున్నాయన పగలబడి నవ్వాడు.

పిల్లకి అవేమీ వినపడవు. పిల్ల గాలిలో ఉంది.

తర్వాత మంచు మీద ఉంది. పక్కకి పడి... చెయ్యి మడతపడి... తెల్లటి మంచు పొడి గౌనుకి అంటుకుని.

టైలరమ్మ నావైపు చూడలేదు. రిమోట్ తీసి టీవీ గొంతు నొక్కేసింది. రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"ఏం జరుగుతోందో చెప్పండి."

ఎప్పుడూ చెప్పు అనేది. పిన్నీ అనేది.

చెప్పాను.

"లేచింది."

"ఊఁ."

"వెళ్తోంది... చేతులు చాపింది."

"ఊఁ."

"మళ్ళీ గెంతబోతోంది..." ముందుకు వంగాను. "దిగింది."

"నిలబడిందా?"

"నిలబడింది."

తెర అడుగున పేర్లు పాకాయి. లేచి వెళ్ళి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. దాని పేరు అన్నిటికన్నా కింద ఉంది.

అప్పుడు నా చేతిలో ఫోన్ మోగింది. ఆట అయిపోగానే వాడు చేస్తాడు. ఎలా ఉందమ్మా, అంటాడు. అద్భుతం నాన్నా, అంటాను. ఎన్నేళ్ళుగానో అంతే.

"ఎలా ఉందమ్మా? నీళ్ళ బిల్లు మాట పేలింది కదూ!"

నేను మాట్లాడలేదు.

"అమ్మా? లైన్లో ఉన్నావా? ఏమైంది? వాళ్ళేమన్నా అన్నారా? అమ్మా, అది జోకే..."

నేను మాట్లాడలేదు.

వాడూ ఆగాడు. మొదటిసారి.

ఆ ఖాళీలో, ఫోన్లో, ఎక్కడో దూరంగా — సర్రుమని... మంచు మీద ఎవరో.

పిల్ల నిన్న వచ్చింది. మెట్ల మీద బూట్ల సంచి చప్పుడు. ఆ చప్పుడు నా తలుపు దగ్గర ఆగింది.

తలుపు తట్టలేదు. వెళ్ళిపోయింది.

కాసేపటికి గోడ అవతల కొళాయి పారింది.

పారీ పారకముందే ఆగిపోయింది. ఇప్పుడు ఆ చప్పుడుకి అర్థం అందరికీ తెలుసు. కూరగాయలమ్మే అతనికి కూడా.

నోటితో అన్నది చాలు. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరికిస్తానో తెలియదు.

లేచి, నా కొళాయి తిప్పాను. పూర్తిగా తిప్పాను. గోడ అవతల పిల్ల ఏడ్చినా నాకు వినపడకూడదని... మెట్ల మీద ఇంకెవరికీ వినపడకూడదని.

పారుతోంది. సన్నగా కాదు, ధారగా — మంచంతా ఒక్కసారే కరుగుతున్నట్టు.

కామెంటేటర్ గారి అమ్మ.
వయసు అరవై ఎనిమిది.
ఉండేది, గోడకి ఇవతల.