కొత్తలంక ఎడమ చెవులు

నేను ఒక గాజు ముక్కను. ముక్కే కదా అని తీసిపారెయ్యకండి. ఒకప్పుడు కొత్తలంకలో పోయినవాళ్ళెవరూ నా కింద పడుకోకుండా గోడెక్కలేదు. ఆ ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళి దండ వేసిన పటం చూడండి. ఎడమ చెవి కుడిచెవి కంటే పిసరంత పెద్దగా ఉంటుంది. కొన్ని ఇళ్ళలో పిసరు కాదు, అప్పడమంత. దానికి నన్ను తప్పుపట్టేవాళ్ళు లేకపోలేదు. అబద్ధం చెబితే గాజుకి ఒరిగేదేముంది? మీ చెవుల్లోనే ఎక్కడో తేడా ఉండి ఉంటుంది, అద్దం ముందు నిలబడి చూసుకోండి.

నేను పుట్టింది ఏదో ఊరి ఫ్యాక్టరీలో. ఇసుకా సున్నమూ సోడా కలిపి కాచారు, పలకగా పోశారు. చల్లారాక చూస్తే నా ఒంటిమీద ఒకచోట కందిగింజంత బొడిపె. ఫ్యాక్టరీ మనిషి వేలితో తడిమి, "పర్లేదులే, పల్లెటూరి సరుకులో కలిపెయ్" అన్నాడు. నేనేం చిన్నబుచ్చుకోలేదు. అందంగా ఉన్నవాళ్ళకి ఎక్కడో ఒకచోట పుట్టుమచ్చ ఉంటుంది మరి.

కొత్తలంక బస్టాండు ఎదుట మిఠాయి కొట్టులో నన్ను బీరువాకి బిగించారు. నా బొడిపె వెనక ఏ కాజా పడితే అది పెద్దగా కనబడేది. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూపించి, "ఆ పెద్దది ఇవ్వండి" అనేవారు. తీసి చేతిలో పెట్టేసరికి అది మిగతావాటిలాగే ఉండేది. "కళ్ళ ముందే మార్చేశారేంటండీ!" అని రోజూ గొడవ. చివరికి ఒక పెద్దమనిషి ఆవేశం ఆపుకోలేక గొడుగు కామతో నన్నే పొడిచాడు. కాజా చిన్నదైతే గాజు పగలగొట్టే తెలివి మనుషులకే ఉంది.

ఆ సమయానికి కొట్టు పైన నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్నాడు మట్టపర్తి బుల్లబ్బాయి. దిగి వచ్చి, పెంకుల్లోంచి నన్ను ఏరుకుని, అంచులు అరగదీసి, ఒళ్ళంతా గళ్ళు గీకాడు. నాలుగు మూలలా నాలుగు చెక్క పూసలు అంటించి కాళ్ళు ఇచ్చాడు. నా కింద పాస్‌పోర్టు ఫోటో పెట్టేవాడు. పక్కనున్న పెద్ద కాగితం మీద అవే గళ్ళు పెద్దవిగా గీసుకునేవాడు. ఈ గడిలో ఉన్న గీత ఆ గడిలోకి, అంతే. బోర్డులు అతనికి కూడు పెట్టేవి గానీ, పేరు తెచ్చింది మాత్రం బొమ్మలే. ఎవరైనా పోతే పెద్దకార్యం నాటికి వాళ్ళ ఫోటో చూసి గోడ పటమంత మొహం వేసి ఇవ్వాలి. ఫోటోని ఎప్పుడూ ఎడమ మూలకి ఆనించి పెట్టడం అతని అలవాటు. అందుకని నా పుట్టుమచ్చ ఎప్పుడూ ఎడమ చెవి మీదే వచ్చి కూర్చునేది.

మొదటి బొమ్మ రైసుమిల్లు వీర్రెడ్డి తండ్రిది. పెద్దకార్యం నాడు వీర్రెడ్డి దాన్ని చూసి నసిగాడు. "నాన్నగారి చెవి మరీ ఇంత ఉండేది కాదేమోనండి." అక్కడే ఉన్నాడు పురోహితుడు సోమయాజులు. విస్తళ్ళు వేసేశారు, పులిహోర చల్లారిపోతోంది. "పైలోకంలో ఉన్నవాడికి మన మాట వినబడాలంటే ఆ మాత్రం చెవి పెరగొద్దటయ్యా? పద, పద" అని విస్తరి ముందు కూర్చున్నాడు. ఆకలి మీద అన్న ఆ మాట ఊళ్ళో శాస్త్రమై కూర్చుంది. అప్పట్నుంచి కొత్తలంకలో కోరికలు దేవుడి కంటే ముందు పటాల ఎడమ చెవుల్లోనే పడేవి. పరీక్షలూ పెళ్ళిచూపులూ గట్టు తగాదాలూ అన్నీ అక్కడే. కంప్యూటరు బొమ్మలు వచ్చినా ఆ ఊళ్ళో అమ్ముడుపోలేదు. వాటిలో చెవి పెరగదు కదా.

బుల్లబ్బాయి ఎప్పుడూ చెవులు కప్పేలా తలకి తువ్వాలు చుట్టుకునేవాడు. ఎండైనా వానైనా, భోంచేసేటప్పుడైనా అది తీసేవాడు కాదు. ఇతగాడికి చలి ఎక్కువ కాబోలు అనుకునేదాన్ని.

ఒక ఏడాది అతని చెయ్యి వణకడం మొదలెట్టింది. గీసిన ముక్కు గీసినట్టే పక్కింటికి వెళ్ళిపోయేది. ఒకరోజు పెన్సిలు నా మీద పడేసి, కాఫీ తెచ్చిన పెళ్ళాం మంగాయమ్మతో అన్నాడు.

"ఊళ్ళో అందరి బొమ్మలూ నేనేశాను. నా బొమ్మ ఎవరేస్తారే?"

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "నేనేస్తాను. నేర్పండి" అంది. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ముగ్గు తప్ప మరో గీత గీసి ఎరగని మనిషి, ఆ పూటే పెన్సిలు పట్టుకుంది.

మొదట వేసిన మొహంలో కళ్ళు వెళ్ళి జుట్టుకి ఆనుకున్నాయి. బుల్లబ్బాయి తల పట్టుకున్నాడు. "కళ్ళు తలకి సరిగ్గా సగంలో ఉంటాయే. నువ్వు నడినెత్తికి ఎక్కించేశావు. ఈయన మెదడు ఎక్కడ పెట్టుకుంటాడు?"

"మెదడుంటే మన దగ్గర బొమ్మ ఎందుకు వేయించుకుంటాడండీ?" అంది ఆవిడ, చెరుపుతూ.

ముక్కు వెడల్పు రెండు కళ్ళ మధ్య ఉన్న ఎడమంత, చెవి కనుబొమ దగ్గర మొదలై ముక్కు కొన దగ్గర ఆగాలి, మొహం వెడల్పుకి అయిదు కళ్ళు పట్టాలి. అతను చెప్పడం, ఆవిడ ముగ్గు చుక్కల్లా గుర్తులు పెట్టుకోవడం. గీసేటప్పుడు ఆవిడ చేతి గాజులు నా అంచుకి తగిలి గలగలమనేవి. గాజులంటే నా జాతివాళ్ళే కదా, పలకరించినట్టు ఉండేది. బుల్లబ్బాయికి మాత్రం భయం. "గళ్ళు గీసుకుపోతాయే. ఆ గాజులు తీసి పక్కన పెట్టకూడదూ?"

"మీరుండగా తియ్యను" అనేది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

ఇక ఆవిడకి కొలతల పిచ్చి పట్టుకుంది. చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తే దూరంగా ఉన్నదాని కొలత తెలుస్తుందని మొగుడు చెప్పాడు. గుమ్మడికాయని కొలిచింది, పాలవాడి గేదెని కొలిచింది. ఆ తర్వాత బజారుకి బయల్దేరింది. సాయంత్రానికి కూరగాయల గోవిందు చెమటలు కక్కుతూ మా కొట్టుకి వచ్చాడు.

"చెప్పడానికి నోరు రావట్లేదండి బుల్లబ్బాయిగారూ. అక్కగారు నాకేసి కన్ను కొడుతున్నారండి. ఒకసారి కాదండీ, బెండకాయలు తూస్తున్నంతసేపూను."

"నీ మొహం వెడల్పు చూసుకుంటోందయ్యా. మొహానికి అయిదు కళ్ళు పట్టాలి."

గోవిందు మొహం తడుముకున్నాడు. "నాకు రెండేనండి" అన్నాడు దీనంగా.

మొహాన్ని మొహంలా చూస్తే చెయ్యి మోసం చేస్తుందని, ఫోటోని తలకిందులుగా పెట్టి గీయించేవాడు బుల్లబ్బాయి. అప్పుడు ముక్కూ మూతీ ఉండవు, గీతలే ఉంటాయి. ఆ గీతలు ఎక్కడున్నాయో అక్కడ గీస్తే చాలు. వీర్రెడ్డి వచ్చి, ఈమధ్యే పోయిన తల్లి శీర్షాసనం వేసి ఉండడం చూసి కెవ్వుమన్నాడు. అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తల్లి బొమ్మే మంగాయమ్మ మొదటిసారి నా సాయం లేకుండా పూర్తి చేసింది. పెన్సిలుతో కొలిచి, కంటితో చూసి వేసింది. నన్ను పక్కన పెట్టినందుకు నాకు ఒళ్ళు మండింది. చెవులు రెండూ సమానంగా వచ్చాయి. ఇదేం బొమ్మ అనుకున్నాను. వీర్రెడ్డి కూడా అదే అన్నాడు.

"ఈవిడ మా అమ్మ కాదండీ. మా అమ్మ పోయింది. ఈవిడ చూడండి, చెవి పెరగలేదు. ఈవిడ ఇంకా బతికే ఉంది."

"కొలత సరిగ్గా ఉంది బాబూ" అంది మంగాయమ్మ.

"కొలత సంగతి నాకు తెలీదండీ. బతికున్న మనిషికి దండ వేసి ఆ పాపం నేను మూటగట్టుకోనండి" అని వెళ్ళిపోయాడు.

నన్ను మళ్ళీ బల్ల మీదకి తెచ్చారు. రెండో బొమ్మలో చెవి చక్కగా పెరిగింది. బుల్లబ్బాయి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏది సరైందే మంగా?"

"మీరు గురువు. మీరే చెప్పాలి."

"నాకెప్పుడూ తెలీదే. నా కంటికి ఊళ్ళో అందరి ఎడమ చెవులూ పెద్దవిగానే కనబడతాయి."

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. దగ్గరికొచ్చి అతని తలకున్న తువ్వాలు జారకపోయినా సర్దింది. ఆ సర్దడం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ వానాకాలం బుల్లబ్బాయి పోయాడు. ఊరంతా వచ్చింది. అందరి నోటా ఒకటే మాట. అంతమందికి చెవులు పెంచిన మనిషి, అతని చెవి ఇంకెంత పెరుగుతుందో! సోమయాజులైతే చేటంత అని తేల్చాడు.

మంగాయమ్మ బీరువాలోంచి ఫోటో తీసింది. తువ్వాలు లేకుండా అతను దిగిన ఫోటో అదొక్కటే. పింఛను కోసం తీయించుకున్నది. చెవులు కనబడి తీరాలని స్టూడియోవాడు పట్టుబట్టాడట. ఆ ఫోటో నా కింద పెట్టాక అన్నేళ్ళ తువ్వాలు సంగతి నాకు తెలిసింది. బుల్లబ్బాయికి కుడిచెవి అందరిలాగే ఉంది. ఎడమ చెవి మాత్రం విచ్చుకోని మొగ్గలా, పుట్టినప్పటి నుంచీ అంతే ఉండిపోయింది. అతనితో అన్నేళ్ళు కాపురం చేసిన గాజుని నేను. నాకే తెలీదు. నాకు ఏడుపొచ్చింది. గాజుకి ఏడవడం చేతకాదు గానీ, ఆ వానకి చెమర్చాను.

మొదట ఆవిడ నన్ను తీసేసి, పెన్సిలుతో కొలుచుకుంటూ ఒక బొమ్మ వేసింది. కళ్ళు సగంలో, మొహానికి అయిదు కళ్ళు, ముక్కు కొలత ముక్కుది. మొగ్గ చెవిని మొగ్గ చెవిగానే వేసింది. ఒక్క గీత కూడా చెరపలేదు. అంత నిక్కచ్చి బొమ్మ బుల్లబ్బాయి కూడా ఎన్నడూ వేసి ఉండడు. చూసుకుని, కళ్ళు తుడుచుకుని, "ఇది నాకు" అని చుట్టి పెట్టెలో దాచేసింది.

తర్వాత నన్ను ఫోటో మీద పెట్టింది. ఎడమ మూలకి ఆనించి, అతను పెట్టినట్టే. నా పుట్టుమచ్చ మొగ్గ మీద వచ్చి కూర్చుంది. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. ఈ గడిలో గీత ఆ గడిలోకి, అంతే. పూర్తయ్యాక దూరంగా జరిగి చూసింది. చెవులు రెండూ సరిసమానం.

"ఇన్నాళ్ళకి తువ్వాలు లేకుండా బజార్లోకి వెళ్తున్నారు" అంది బొమ్మతో, మురిపెంగా.

పదోరోజు వచ్చింది. బొమ్మకి గుడ్డ కప్పి వాకిట్లో బల్ల మీద పెట్టారు. నేను పక్కనే పెన్సిళ్ళ మధ్య ఉన్నాను. మంగాయమ్మ బొట్టు చెరిపి, గాజులు తీయడానికి ఇద్దరు ముసలమ్మలు వచ్చి కూర్చున్నారు. ఆవిడ గాజుల చేతిని కొంగులో దాచుకుంది. నా జాతివాళ్ళు కాసేపట్లో చిట్లుతారని నాకు గుబులుగా ఉంది. వీర్రెడ్డి దండ పట్టుకుని ముందుకొచ్చి గుడ్డ తీశాడు. తీసి, దండతో అలాగే నిలబడిపోయాడు.

"సోమయాజులుగారూ, చెవి పెరగలేదండీ!"

జనం మీదపడి చూశారు. ఒకరు కుడిచెవిని జానతో కొలిచి, అదే జాన ఎడమ చెవి మీద పెట్టారు. తేడా లేదు.

"అయితే పోలేదా?" అంది ఒక ముసలమ్మ.

"కాష్ఠం దాకా నేనే మోశాను కదండీ" అన్నాడు గోవిందు.

"మోస్తే మోశావు. చెవి ఏదీ?" అన్నాడు వీర్రెడ్డి. "మా అమ్మ బొమ్మ వెనక్కి పంపింది దేనికి మరి? ఆవిడకో శాస్త్రం, ఈయనకో శాస్త్రమా?"

అందరూ సోమయాజులు కేసి తిరిగారు. చెవి మాట ఉత్తదంటే ఊళ్ళో ఇంటింటి గోడా వచ్చి మీద పడుతుంది. అన్నేళ్ళుగా ఆ చెవుల్లో పోసిన కోరికలకి ఎవరు సమాధానం చెబుతారు? ఆయన ఉత్తరీయంతో మెడ తుడుచుకుని, బొమ్మకేసి చూసి, ఆకాశంకేసి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"శాస్త్రప్రకారం చూస్తే... ఇంకా పూర్తిగా పోయినట్టు కాదు."

"మరి బొట్టూ గాజులూ?" అంది ముసలమ్మ.

"పోనివాడి పెళ్ళానికి గాజులు తీస్తారటమ్మా? మీకు మతి ఉందా?" అని ఆయన ఆ ముసలమ్మ మీదే విసుక్కున్నాడు.

మంగాయమ్మ కొంగులోంచి చెయ్యి బయటికి తీసుకుంది. ముసలమ్మలు లేచి వెళ్ళిపోయారు. వీర్రెడ్డి దండని వృథా చెయ్యడం ఎందుకని మిల్లు మోటారుకి వేసుకున్నాడు.

అదిగో, అప్పట్నుంచి మా కొట్టు, చిత్రా ఆర్ట్స్ గోడ మీద దండ లేకుండా ఒక పటం ఉంటుంది. దారినపోయేవాళ్ళు "ఏమండీ, బాగున్నారా?" అని పలకరించి పోతారు. గోవిందు బెండకాయలు ఇచ్చేటప్పుడు "ఆయనగారికి కూడా చాలతాయా అండి?" అని నాలుగు ఎక్కువే వేస్తాడు. ఎర్ర బొట్టు పెట్టుకుని కూర్చుని మంగాయమ్మ ఊరివాళ్ళ బొమ్మలు వేస్తుంది. కొలత నిక్కచ్చిగా పెట్టుకుని, ఎడమ చెవిని మాత్రం వాళ్ళు కోరినంత పెంచి ఇస్తుంది. దానికి నా అవసరం లేదు. నేను పని మానేశాను. మానేశాననడం కూడా తప్పేనేమో. బుల్లబ్బాయి పింఛను ఫోటో నా కింద నుంచి ఆవిడ ఇంతవరకూ తియ్యలేదు, నన్ను కదపలేదు. గీస్తూ గీస్తూ ఆవిడ చెయ్యి ఇటు జరిగినప్పుడు గాజులు నా అంచుకి తగిలి గలగలమంటాయి. గీసుకుపోతాయని కోప్పడేవాళ్ళు లేరు.

మొగ్గ చెవి అని మీరు నా నోటే విన్నారు. కానీ ఇప్పుడు నా కిందున్న మనిషిని చూస్తున్నాను. ఎంత చూసినా చెవులు రెండూ సమానంగానే ఉన్నాయి. గాజుని, ఉన్నదున్నట్టే చెబుతాను.