దూది పెట్టిన వేలు

మా బావమరిది మందుల షాపులో పనిచేస్తాడు. వాణ్ణి అందరూ సగం డాక్టరు అంటారు. ఆ మిగతా సగం కూడా ఉంటే నా వేలు నాకు మిగిలేదేమో.

నాది పైపుల ఫ్యాక్టరీలో లోడింగు పని. ఇనుప ముక్కు బూట్లు లేనిదే గేటు దాటనివ్వరు. ఇరవై ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకి కంపెనీ ఇంటి స్థలం రాసిస్తుంది. మెలిక ఒకటే: ఆఖరి ఏడాదిలో పది రోజులకి మించి నాగా పెట్టకూడదు. అమ్మ పోయినప్పుడు ఏడు రోజులు అయిపోయాయి. ఇంకా పదకొండు వారాలుందనగా కుడికాలి బొటనవేలి గోరు పక్క కండలోకి దిగింది. రాత్రి దుప్పటి తగిలినా ప్రాణం లేచిపోయేది.

మా ఆవిడ పోరు పడలేక కంపెనీ పంపే ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ కళ్లజోడు నొసటికెత్తి చూసింది.

"రెండు దారులున్నాయి. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు పెట్టి, గోరు అంచు కింద సన్నగా దూది దోపాలి. గోరు మెల్లగా పైకి లేస్తుంది. లేదంటే వేలికి మత్తిచ్చి ఆ పక్క ముక్క తీసేస్తాను, పావుగంట పని. షుగరుంది కాబట్టి మీకు రెండోదే మేలు."

"పనికెప్పుడు వెళ్లొచ్చమ్మా?"

"చెప్పులతో అయితే ఎల్లుండే. బూట్ల పనైతే రెండు వారాలు ఆగాలి. ఏం పని మీది?"

ఆ ఆసుపత్రి చీటీలు నేరుగా కంపెనీకే పోతాయి. నిజం చెబితే రెస్టు రాసేస్తుంది; గేటు దాటనివ్వరు, ఆ రోజులన్నీ నాగాలే.

"కూర్చునే పనేనమ్మా. ముందు దూదితో చూద్దాం."

"సరే, బూట్లు మాత్రం వద్దు. చీము కనిపిస్తే ఆ రోజే రండి."

సాయంత్రం సగం డాక్టరు వచ్చాడు. "మంచి పని చేశావు బావా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"గొడవంతా ఆ గోటితోనే కదరా."

"నేనున్నాగా. రోజూ నేనే దూది మారుస్తా. స్థలం కాగితం చేతికొచ్చాక పాదం మొత్తం కోయించుకో, ఎవడొద్దన్నాడు?"

ఇద్దరం నవ్వాం. మా ఆవిడ నవ్వలేదు. "ఆ బూటులో ఊపిరాడక కుళ్లుతుందేమోరా" అంది.

"ఫ్యాక్టరీకి నువ్వెళ్తావా అక్కా?"

అబద్ధమెందుకు, వాడు ఒక్క రోజు మానలేదు. పొద్దున్నే వచ్చి, నా పాదం ఒళ్లో పెట్టుకుని పట్టకారుతో దూది దోపేవాడు. వాడు దోపింది ఎనిమిది గంటలు ఆ ఇనుప ముక్కు అదిమేది. ఆరో వారంలో చీము పట్టింది.

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్లనా?"

"వెళితే రెస్టు రాస్తుంది. నీ ఇష్టం" అంటూ షాపులోంచి తెచ్చిన మాత్రలు చేతిలో పెట్టాడు.

నేను మాత్రలే మింగాను.

తొమ్మిదో వారంలో నొప్పి పోయింది. వాడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. నేనూ పొంగిపోయాను. ఆదివారం ముగ్గురం స్థలం చూడ్డానికి వెళ్లాం. మా ఆవిడ అడుగులు వేసి కొలిచి, వంటగది ఇక్కడ, కిటికీ ఇటు అంది. మొదటిసారి నవ్వింది.

తరువాతి వారం నా మేజోడు ఉతకబోయి వాసనకి ముఖం తిప్పుకుంది. షిఫ్టు దిగగానే గేటు దగ్గర పట్టుకుని అటునుంచటే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ వేలు చూసింది. కుర్చీ కింద విప్పిన బూట్లు చూసింది.

"కూర్చునే పనన్నారు?"

ఎడమకాలితో బూట్లని ఇంకా వెనక్కి నెట్టాను.

"షుగరున్నవాళ్లకి నొప్పి పోవడం మంచి గుర్తు కాదు. ఎముకదాకా పాకింది. ఇప్పుడిక రెండు దారుల్లేవు."

మర్నాడు వేలు తీసేశారు. అప్పటికి ఇరవై ఏళ్లకి ఇంకా తొమ్మిది రోజులుంది. నా చేతిలో ఉన్న నాగాలు మూడు. నాలుగో రోజు స్థలాల జాబితాలో నా పేరు కొట్టేశారు. మంచం దిగడానికి నెల పట్టింది. బొటనవేలు లేనివాడు పైపు మోస్తే తూలిపోతాడని లోడింగు పనికీ వద్దన్నారు.

సగం డాక్టరు ఇప్పటికీ పొద్దున్నే వచ్చి కట్టు మారుస్తున్నాడు. వాడున్నంతసేపూ మా ఆవిడ ఆ గదిలోకి రాదు.

ఆ స్థలం వెడల్పు ముప్పై మూడు అడుగులు, పొడవు ముప్పై ఆరు. నూట ముప్పై రెండు గజాలు.