జొన్నలకు ముందు ఆడిన గింజ

పిండిమర నడిపే ఇంట్లో పుట్టిన పిల్లకు గోధుమ పడకపోవడం ఆమె అన్న దృష్టిలో జబ్బు కాదు, తలవంపు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందనీ, చెల్లెలి పేగులను అదే పాడు చేస్తోందనీ డాక్టరు చెబితే, మా పిండి ఇంతమంది తింటున్నారు, ఎవరి పేగులు తెగిపోయాయని ఎదురడిగి లేచి వచ్చేశాడు.

అమ్మ మాత్రం చిన్నదానికి వేరే పెనం పెట్టింది. జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి రొట్టెలు తట్టింది. మొదట్లో అంచులు చిట్లి ముక్కలయ్యేవి. చిన్నది ఆ ముక్కలనే పప్పులో నానబెట్టుకుని తినేది. అయినా కడుపునొప్పి తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం తిన్నది తిన్నట్టే కక్కేసింది. అన్న కంచం ముందు నుంచి లేచాడు.

"గోధుమ పడదన్నావు. ఇప్పుడు జొన్నా పడదు. నీకు పడనిది పనేనే."

జుట్టు పట్టి తల వెనక్కి విరిచి, తన కంచంలోని గోధుమ రొట్టె నోట్లో కుక్కాడు. పళ్లు బిగిస్తే దవడలు నొక్కి తెరిచాడు. పెదవి చిట్లి రొట్టెకు నెత్తురంటింది. అడ్డమొచ్చిన అమ్మను మోచేత్తో గోడకేసి కొట్టాడు.

చిన్నది ఉమ్మేసి, వగరుస్తూ అడిగింది. "నా జొన్నలు దేని తర్వాత ఆడించావన్నయ్యా?"

గింజ మారినప్పుడల్లా, రాళ్లలో మిగిలిన పాత పిండి పోయేలా కొత్త గింజ కొంత ఆడించి ఆ పిండి పారబోయాలని పోయిన నాన్న నేర్పాడు. దండగని అన్న ఎప్పుడో మానేశాడు. అయినా రాయి అద్దంలా ఉంది చూడమంటూ ఆమెను రెక్క పట్టి ముందు గదిలోని మర దగ్గరికి ఈడ్చుకెళ్లి, పైరాయి ఎత్తాడు.

గాట్ల నిండా గోధుమపిండి అట్టకట్టి ఉంది. ఇద్దరూ చూశారు. చిన్నది ఆ పిండి వేలికి అంటించుకుని అతని ముందు పెట్టింది. అతనికి ఒళ్లు మండింది. చెంప పగలగొట్టాడు. పడిపోతే డొక్కలో తన్నాడు. అంతటితో ఆగక, రాతి మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఆ పిండి గీకసాగాడు, ఆమెకు తినిపించడానికి.

వెనకే వచ్చిన అమ్మ, రాతికి గాట్లు పెట్టే సుత్తి అందుకుని ఆనించిన చేతి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు కొంచెమే. అరుపు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

"నేను ఇద్దర్ని కన్నాను," అంది అమ్మ. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

మర్నాడు అన్న చేతికి కట్టుతో గుమ్మంలో కూర్చున్నాడు. చిన్నది, ఒక కన్ను వాచి మూసుకుపోయినా, రాళ్లు రెండూ గీకి తోమింది. జొన్నలు పోసి ఆడించి పారబోసింది. మళ్లీ పోసి మళ్లీ పారబోసింది. గోధుమలు తెచ్చినవాళ్లు గొణిగారు.

"ముందు వాళ్లవి ఆడించు," అన్నాడు అన్న.

"ఉండమను," అని తన జొన్నలు మరలో పోసుకుంది.